పులిచింతల నుంచి బ్యారేజీ దాకా: బోటు నడిపేవాళ్లు నీటి మట్టం ఎలా లెక్కేసుకోవాలి

నాలుగేళ్ల కిందట అక్టోబరులో, కృష్ణ మీద ఉన్న పులిచింతల రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడు, మా చిన్న ఫైబర్ బోటు వేసుకుని వెనక జలాల్లో బాగా లోపలికి వెళ్లాం. ఫోన్లో జీపీఎస్ ట్రాక్ ఆన్ చేసి పెట్టుకున్నా, పోను రాను ఎక్కడా ఏమీ తగల్లేదు, 15 అడుగుల గెడ వేసినా చాలా చోట్ల అడుగు అందలేదు. మళ్లీ ఫిబ్రవరిలో అదే ట్రాక్ ఓపెన్ చేసి అదే గీత మీద వెళ్తున్నాం, ఒక్కసారిగా ఢాం అని చప్పుడైంది, బోటు ఆగిపోయి వెనక భాగం పైకి లేచింది, అణియం (బోటు ముందు భాగం) దగ్గర కూర్చున్న మా తమ్ముడు నీళ్లల్లో పడబోయి అంచు పట్టుకుని ఆగాడు. ఇంజన్ లేపి చూస్తే ప్రొపెల్లర్‌కి రెండు రెక్కలు విరిగిపోయినాయి. కింద ఉన్నది ఒక పాత ఇంటి ప్రహరీ గోడ. ముంపు ఊరు కదా, ఊరు ఖాళీ చేశారు గానీ గోడలు అన్నీ తీసెయ్యరు.

మమ్మల్ని తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చింది అక్కడ వల వేసుకునే ఒక పెద్దాయన. డబ్బులు ఇస్తామంటే వద్దన్నాడు, టీ మాత్రం తాగాడు. తాగుతా ఒక మాట అన్నాడు, "అబ్బాయ్, గోడ ఎప్పుడూ ఆడే ఉంది, నీళ్లే దిగినాయి, నువ్వు నీళ్లని గుర్తుపెట్టుకుని వచ్చావు, నేలని గుర్తుపెట్టుకోవాల." ఇప్పుడు నేను రాసేదంతా ఆ మాట పట్టుకుని నేర్చుకున్నదే.

మన గుంటూరు బెజవాడ కుర్రాళ్లు ఈ మధ్య చిన్న బోట్లు, కయాక్‌లు కొనుక్కుని గాలం వేసుకోడానికి వెళ్తున్నారు, వాళ్లకి మొదట చెప్పేది ఏంటంటే, లోతు రాసుకోవద్దు. లోతు ఇవాళ ఒకటి రేపు ఒకటి. అడుగున నేల, లేదా గోడ, లేదా బండ, సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో అది రాసుకోండి, ఎందుకంటే అది మారదు (ఇసుక అయితే మారుద్ది, ఆ సంగతి తర్వాత చెప్తా). లెక్క చాలా చిన్నది. ఆ రోజు రిజర్వాయర్ మట్టం ఎంతో చూడండి, అక్కడ మీరు కొలిచిన లోతు అందులోంచి తీసెయ్యండి, మిగిలింది నేల మట్టం. మళ్లీ ఎప్పుడు వెళ్లినా ఆ రోజు మట్టంలోంచి ఈ నేల మట్టం తీసేస్తే ఆ రోజు అక్కడ లోతు ఎంతో ఇంట్లో కూర్చునే తెలిసిపోద్ది.

మా గోడ సంగతే తీసుకోండి. గుద్దిన రోజు మట్టం 161 అడుగులు, గోడ పైఅంచు మీద నీళ్లు అడుగున్నర, అంటే గోడ తల 159.5 దగ్గర ఉన్నట్టు. అక్టోబరులో మట్టం 175, అంటే ఆ రోజు గోడ మీద పదిహేనున్నర అడుగుల నీళ్లు ఉన్నాయి, అందుకే గెడకి కూడా అందలేదు. మా ఇంజన్ కాలు నీళ్లల్లోకి రెండు అడుగులు దిగుద్ది, బోటులో జనం ఎక్కితే, అల లేస్తే ఇంకొంచెం దిగుద్ది, అందుకని ఇంకో రెండు అడుగులు ఎక్కువ వేసుకుంటా, మొత్తం నాలుగు. 159.5కి 4 కలిపితే 163.5. నా నోట్‌బుక్‌లో ఆ పాయింట్ పక్కన ఎర్ర ఇంకుతో 163.5 అని ఉంటది. మట్టం దానికన్నా కిందకి వస్తే ఆ దారి నాకు లేనట్టే, చుట్టూ తిరిగి పోతా. ఇలా ఒక్కో చోటికి ఒక్కో నంబర్ రాసుకుంటే, పొద్దున్నే మట్టం చూడగానే ఏ దారులు తెరిచి ఉన్నాయి ఏవి మూసుకుపోయినాయి అనేది మీకే తెలుస్తది.

ఇప్పుడు మట్టాల సంగతి. మన చుట్టుపక్కల మూడు రకాల నీళ్లు ఉన్నాయి, మూడూ కృష్ణే అయినా మూడూ ఒకేలా మారవు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నీళ్లు వాడుకుంటా పోతే 510 దాకా దిగొచ్చు, అంటే 80 అడుగుల తేడా, దాదాపు ఏడెనిమిది అంతస్తుల మేడ ఎత్తు. విజయపురి సౌత్ దగ్గర నుంచి నాగార్జునకొండకి లాంచీలో వెళ్లినవాళ్లకి తెలుసు, నిండుగా ఉన్నప్పుడు చెట్ల దాకా నీళ్లుంటాయి, దిగినప్పుడు ఒడ్డంతా రాళ్లు తేలి ఎక్కడి రేవు అక్కడే ఎండిపోద్ది. పులిచింతల, అంటే కె.ఎల్.రావు సాగర్, పూర్తి మట్టం 175 అడుగులు, కనీస మట్టం 140, తేడా 35 అడుగులు, దాని సామర్థ్యం 45.77 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). మూడోది మన ప్రకాశం బ్యారేజీ వెనక చెరువులాగా నిలిచే నీళ్లు, ఇక్కడ తాగునీటికి కాలవలకి నీళ్లు అందాలి కాబట్టి మట్టాన్ని ఎప్పుడూ 12 అడుగుల దగ్గరే పెట్టడానికి చూస్తారు, తేడా కొద్ది అడుగులే.

ఆ 12 అడుగుల గురించి చాలామంది పొరపాటు పడతారు. పేపర్లో "బ్యారేజీ వద్ద నీటిమట్టం 12 అడుగులు" అని వేస్తే నది లోతు 12 అడుగులు అనుకుంటారు. కాదు. అది గేట్లు ఆనే క్రెస్టు మీద నుంచి కొలిచింది. క్రెస్టు సముద్ర మట్టానికి 45.05 అడుగుల్లో ఉంది, దానికి 12 కలిపితే 57.05, అదే అక్కడ పూర్తి మట్టం. భవానీ ద్వీపం వెనక పాయలో అయినా, రాయపూడి ముందర అయినా, గుంటుపల్లి వైపు అయినా లోతు దేనికదే వేరు, కొన్ని చోట్ల మోకాలు, కొన్ని చోట్ల ముప్పై అడుగుల గుంట. కాబట్టి ఇక్కడ కూడా నేల మట్టం లెక్కే, గేజీ రీడింగ్‌కి 45 కలిపి లెక్క మొదలుపెట్టండి.

మట్టాలు ఎక్కడ దొరుకుతాయంటే, జలవనరుల శాఖ రోజూ రిజర్వాయర్ల పట్టిక పెడుతుంది, అందులో మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో నాలుగూ ఉంటాయి, వానాకాలంలో అయితే పేపర్లో జిల్లా పేజీలో కూడా వస్తాయి. మట్టం ఒక్కటే చూసి లేవొద్దు, ఇన్‌ఫ్లో ఔట్‌ఫ్లో మధ్య తేడా చూడండి, ఎందుకంటే మీరు చూసేది పొద్దున 6 గంటల మట్టం, మీరు తిరిగొచ్చేది సాయంత్రం. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. సాగర్‌లో 312 టీఎంసీలు పడతాయి కాబట్టి ఒక టీఎంసీ వచ్చినా పోయినా మీ బోటుకి తెలియదు. బ్యారేజీ దగ్గర మొత్తం నిల్వే 3.07 టీఎంసీలు. అక్కడ పైనుంచి వచ్చేదానికి కిందకి వదిలేదానికి 12 వేల క్యూసెక్కుల తేడా ఉంటే ఒక రోజులో చెరువులో మూడోవంతు మారిపోద్ది, అందుకే గేట్లు ఎప్పటికప్పుడు లేపుతా దించుతా ఉంటారు, అందుకే ఇక్కడ మట్టం మారకపోయినా వరవడి, అంటే నీళ్లు లాగే వేగం, మారుద్ది. చాలామందికి అర్థం కాని ముక్క ఇదే, సాగర్లో ప్రమాదం మట్టంతో వస్తది, బ్యారేజీ వెనక ప్రమాదం వరవడితో వస్తది.

ఇక అడుగు కొలిచి రాసుకోడం. దీనికి మంచి కాలం ఏప్రిల్, మే. బోటు ఎక్కడానికి బాగోదు, ఎండ మండిపోద్ది, కానీ నేల బయటపడేది అప్పుడే. నేను ప్రతి ఎండాకాలం రెండు మూడు పొద్దులు పులిచింతల అంచున నడుస్తా, తెల్లారకముందే బయల్దేరి 9 గంటలకల్లా వెనక్కి. తేలిన గోడలు, బావి గట్లు, కరెంటు స్తంభాల మోళ్లు, ఎండిపోయి నిలబడ్డ తుమ్మలు, బండరాళ్లు, అన్నీ ఒక్కోదాని దగ్గర నిలబడి ఫోన్లో పాయింట్ పెట్టుకుంటా, ఫొటో తీసుకుంటా, ఆ రోజు నీటి అంచు నుంచి అది ఎంత ఎత్తులో ఉందో కంటితో అయినా సరే అంచనా వేసి రాసుకుంటా. నీటి అంచే ఆ రోజు మట్టం కదా, అంచు కన్నా గోడ తల ఆరడుగులు పైకి ఉంటే మట్టానికి ఆరు కలపండి. ఫోన్ జీపీఎస్ ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తది కాబట్టి ఏ అడ్డంకి చుట్టూ అయినా ఇరవై మీటర్లు వదిలి పోవడం అలవాటు చేసుకోండి. బావులు మాత్రం మర్చిపోవద్దు, నీళ్లు మోకాలి లోతుంది కదా అని దిగి బోటు నెట్టేవాళ్లకి పాత బావి నోరు కనపడదు. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు గనులు కూడా ఈ పులిచింతల నీళ్ల కిందే ఉన్నాయి, అటు నడిస్తే నేల ఎందుకు అంత గుంతలుగా ఉందో అర్థమవుద్ది.

నడవలేని చోటికి శాటిలైట్ ఫొటోలు వాడండి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఫొటోలు చూడొచ్చు, మే నెలది ఒకటి, అక్టోబరుది ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే పాత ఏటి కాలవ ఎటు పోయిందో గీతలాగా కనపడుద్ది. సెంటినెల్ 2 అని యూరప్ వాళ్ల శాటిలైట్ ఉంది, దాదాపు ఐదు రోజులకోసారి ఫొటో ఇస్తది, ఫ్రీగానే చూసుకోవచ్చు, చిన్న రాయి కనపడదు గానీ ఇసుక దిబ్బ, నీటి అంచు బాగా కనపడతాయి. రిజర్వాయర్ ఎంత పెద్దదైనా అడుగున పాత ఏరు అలాగే ఉంటది, నీళ్లు దిగినప్పుడు సేఫ్ దారి ఆ పాత ఏటి మీదే, పొలాల మీద నుంచి అడ్డదారి వేస్తేనే గోడలు, గట్లు తగిలేది.

నీళ్ల మీద ఉన్నప్పుడు కొలవడానికి ఫిష్ ఫైండర్ ఉంటే మంచిదే, కాకపోతే అది సెన్సార్ నుంచి కిందకి చూపిస్తది, నీటి పైఅంచు నుంచి కాదు, సెన్సార్ ఎన్ని అంగుళాలు మునిగి ఉందో అది కలుపుకోవాలి. నాచు గుబురుగా ఉన్న చోట నాచు తలనే నేల అని చూపిస్తది కూడా. నాకు ఇప్పటికీ నమ్మకం గుండు తాడు మీదే. కిలో బరువు గుండు, దానికి నైలాన్ తాడు, అడుగుకో ముడి, ఐదు అడుగులకో ఎర్ర గుడ్డ ముక్క. ఖర్చు రెండొందలు కూడా కాదు. గుండుకి అడుగున కొంచెం గ్రీజు రాస్తే పైకి లాగినప్పుడు ఇసుక అంటుకుందా, బురద అంటుకుందా, ఏమీ అంటకుండా గీతలు పడ్డాయా చూసి కింద ఏముందో చెప్పేయొచ్చు. లోతు తక్కువ ఉన్న చోట గెడే రాజు, అణియం దగ్గర ఒక మనిషి గెడ పట్టుకుని ప్రతి పది మీటర్లకీ వేస్తా "ఆరు, ఆరు, ఐదు, నాలుగు" అని అరుస్తా ఉంటే అమరం (బోటు వెనక భాగం) దగ్గర ఉన్నవాడు అది వింటా నడపాలి, నాలుగు అనగానే ఇంజన్ న్యూట్రల్‌కి రావాలి. ఇద్దరూ ఒకళ్ల మాట ఒకళ్లు వినకపోతే గెడ ఉన్నా లాభం లేదు.

ఇసుక గురించి తర్వాత చెప్తా అన్నా కదా. పులిచింతల కింద నుంచి బ్యారేజీ దాకా ఏరు అడుగంతా ఇసుక, ప్రతి వరదకీ మేటలు కదులుతాయి. పోయినేడు రాసుకున్న నంబర్ ఈ ఏడు పనికిరాదు, వరద తగ్గిన తర్వాత కొత్తగా కొలవాల్సిందే. దానికి తోడు ఇసుక తీసిన గుంటలు. మేట మీద నడుముల్లోతులో నడుస్తా ఉంటే ఒక్క అడుగు తేడాలో ఇరవై అడుగుల గుంట ఉండొచ్చు, అంచు నిట్టనిలువుగా ఉంటది, కాలు పెట్టగానే జారిపోద్ది. స్నానాలకి దిగి పిల్లలు పోయేది ఎక్కువ ఇలాంటి చోటే, ప్రతి ఎండాకాలం పేపర్లో చూస్తా ఉంటాం, చదివిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోద్ది. బోటు ఆపి ఇసుక తిప్ప మీద దిగుదాం, పిల్లల్ని ఆడిద్దాం అనుకునేవాళ్లు దయచేసి ముందు గెడతో చుట్టూ పొడిచి చూడండి, జాకెట్ తియ్యకుండా దిగండి.

నీటి ముఖం చూసి చదవడం కూడా కొంత నేర్చుకోవచ్చు. ఏరు వంపు తిరిగే చోట బయటి వైపు లోతు, లోపలి వైపు మేట, ఇది దాదాపు ఎక్కడైనా నిజమే. ఉపనది కలిసే నోటి దగ్గర, అంటే మున్నేరు లాంటివి కలిసే చోట, ఇసుక నాలుక లాగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటది, దాన్ని బాగా చుట్టి పోవాలి. అంతా నున్నగా ఉండి ఒక చోట మాత్రం చిన్న చిన్న ముడతలు పడుతుంటే అక్కడ లోతు తక్కువ. పారే నీళ్లల్లో బాణం గుర్తులాగా గీతలు పడి దాని మొన ఎగువకి ఉంటే మొన దగ్గర రాయో మోడో ఉన్నట్టు, మొన దిగువకి ఉంటే రెండు అడ్డంకుల మధ్య దారి ఉన్నట్టు. కొంగలు నిలబడ్డ చోట మోకాలి లోతే, దీన్ని మించిన గుర్తు లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, థర్మోకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే వల ఉంది, ఆ వరసని దాటొద్దు, చివర దాకా వెళ్లి చుట్టి రండి, ప్రొపెల్లర్‌కి వల చుట్టుకుంటే మన ఇంజనూ పోద్ది, ఆ మనిషి నెల కష్టమూ పోద్ది.

పైన కూడా ఒక చూపు ఉంచండి. రిజర్వాయర్ల అంచుల్లో, పాయల మీద కరెంటు తీగలు దాటుతా ఉంటాయి. మే నెలలో ఎక్కడో పైన ఉన్న తీగ, మట్టం నిండేసరికి దగ్గరకి వచ్చేస్తది. అప్పుడు బోటు మీద నిలబడి పొడుగు గెడ గానీ ఇనప గొట్టం గానీ ఎత్తితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. తీగలున్న చోటు కూడా నోట్‌బుక్‌లో పెట్టుకోండి.

ఏ నెలలో వెళ్లాలి అంటే నా మట్టుకు నాకు అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా, వరద ఆగి, నీళ్లు నిండుగా ఉండి, గాలి మెత్తగా ఉండే రోజులు. జనవరి పొద్దుల్లో కృష్ణ మీద పొగమంచు కమ్ముద్ది, ఎదురుగా పడవ వచ్చేదాకా కనపడదు, ఎండ వచ్చి తెరుచుకున్నాకే తాడు విప్పండి. ఫిబ్రవరి, మార్చి నీళ్లు దిగే కాలం, ఆ రెండు నెలల్లో పాత ట్రాక్‌ని అస్సలు నమ్మొద్దు. ఏప్రిల్, మే సాయంత్రాలు ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలి దుమారం లేస్తది, పది నిమిషాల్లో ఏరు మొత్తం తెల్లటి నురగ. పడమర మూల నల్లబడితే గాలం ఏ చేప లాగుతున్నా సరే వదిలేసి దగ్గరున్న ఒడ్డుకి పోండి, మన రేవే కానక్కర్లేదు. ఇంకోటి, మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి గాలి వస్తది, ఏరేమో పడమర నుంచి తూరుపుకి దిగుద్ది, రెండూ ఎదురెదురు పడ్డప్పుడు అల పొట్టిగా నిటారుగా లేస్తది, చిన్న బోటు అంచు మీదుగా నీళ్లు లోపలికి కొడతాయి. పొద్దున తేలిగ్గా వెళ్లిన దారిలో సాయంత్రం రావడానికి రెండింతలు పెట్రోలు కావచ్చు. అందుకే మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు ముట్టుకోకుండా.

జులై నుంచి సెప్టెంబరు మధ్య వరద రోజుల్లో సరదాకి ఏట్లోకి బోటు వెయ్యొద్దు. శ్రీశైలం, సాగర్, పులిచింతల గేట్లు వరసగా లేచినప్పుడు మనకి కబురు ముందే తెలుస్తది, పులిచింతల నుంచి బ్యారేజీ దాదాపు 85 కిలోమీటర్లు కాబట్టి పడవలు కట్టుకోడానికి కొంత టైం ఉంటది. మున్నేరు అలా కాదు. ఖమ్మం వైపు రాత్రి కుండపోత కురిస్తే, దాన్ని ఆపే పెద్ద డ్యామ్ మధ్యలో లేదు, కీసర వంతెన కింద ఎర్ర నీళ్లు కనపడ్డాయంటే అది నేరుగా మన దగ్గరకే. కాబట్టి బెజవాడలో ఎండ కాస్తున్నా ఖమ్మం వాన చూడండి. బ్యారేజీ దగ్గర ఔట్‌ఫ్లో 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండో హెచ్చరిక ఇస్తారు, కానీ ఆ హెచ్చరికలు ఊళ్లకి, లంకలకి, మీ చిన్న బోటుకి కాదు. నేనైతే బ్యారేజీ గేట్లు కొన్ని లేపారు అని వింటేనే తాడు విప్పను. జులైలో పట్టిసీమ నీళ్లు వదిలినప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గరున్న పవిత్ర సంగమంలో గోదావరి నీళ్లు పక్క నుంచి వచ్చి కృష్ణలో కలుస్తాయి, అక్కడ అడ్డ వరవడి ఉంటది, పైకి ప్రశాంతంగా కనిపించినా బోటు ముక్కుని పక్కకి లాగుద్ది.

దగ్గరకి పోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి, ఎంత అనుభవం ఉన్నా సరే. బ్యారేజీ 70 గేట్ల ముందర, అటు విజయవాడ వైపు తూర్పు కాలవ, ఇటు సీతానగరం వైపు పడమటి కాలవ హెడ్ రెగ్యులేటర్లు, థర్మల్ స్టేషన్ వైపు నీళ్లు లాక్కునే కాలవ నోళ్లు, ఉండవల్లి దగ్గర కొండవీటి వాగు పంపులు పోసే చోటు. గేటు ముందర నీళ్లు అద్దంలా ఉంటాయి, లాగేదంతా అడుగునే. వంతెన పిల్లర్ల దగ్గర కూడా సరిగ్గా రెండు పిల్లర్ల మధ్య నుంచి పోవాలి, పిల్లరు పక్కన సుడి తిరుగుద్ది. ఇంజన్ ఆగిపోయి గేట్ల వైపు కొట్టుకుపోతుంటే ఇంజన్ తాడు లాగుతా కూర్చోవద్దు, మొట్టమొదట లంగరు వెయ్యండి, అణియం నుంచే వెయ్యండి. అమరం నుంచి వేస్తే నీళ్లు వెనక నుంచి ఎక్కి బోటు మునుగుద్ది. లంగరు తాడు లోతుకి కనీసం ఐదారు రెట్లు ఉండాలి, తాడు పొడుగుంటేనే లంగరు పడుకుని నేలని పట్టుద్ది, నిలువుగా ఉంటే ఈడ్చుకుంటా వస్తది.

కట్టేసే పద్ధతి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎగువ నుంచి పెద్ద పెద్ద బోట్లు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి గుద్దుకుని కౌంటర్‌వెయిట్లు (గేట్లు లేపడానికి సాయపడే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి, ఆ బోట్లని బయటికి తియ్యడానికి రోజుల తరబడి ఎంత కష్టపడ్డారో బెజవాడంతా చూసింది. మన చిన్న బోటు గేటుని ఏమీ చెయ్యకపోవచ్చు, కానీ తాడు తెగిన ప్రతి బోటూ దిగువన ఎవరికో ఒకరికి ప్రమాదమే. మట్టం మారే నీళ్లల్లో తాడు బిగించి కట్టకూడదు. నీళ్లు పెరిగితే పొట్టి తాడు ముక్కుని కిందకి గుంజి బోటుని ముంచుద్ది, నీళ్లు తగ్గితే బోటు మెట్ల మీద వేలాడి ఒక పక్కకి ఒరిగి, మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు నిండిపోద్ది. నిలువు స్తంభం ఉంటే దానికి జారే ఉంగరం వేసి ఆ ఉంగరానికి కట్టండి, నీటితో పాటు అదే పైకీ కిందకీ పోద్ది. స్తంభం లేకపోతే రెండు తాళ్లు, ఒకటి ఒడ్డున చెట్టుకి, ఒకటి ఏట్లో లంగరుకి, రెండూ కొంచెం వదులుగా. తుఫాను కబురో వరద కబురో వస్తే ఇవేవీ కాదు, ఇంజన్ విప్పి బోటుని కరకట్ట మీదకి ఎక్కించెయ్యడమే.

మేట ఎక్కి ఆగిపోతే కంగారు పడొద్దు. ఇంజన్ ఆపండి, రివర్స్ గట్టిగా తొక్కితే ఇసుక నీళ్లతో పాటు కూలింగ్‌లోకి పోయి నీళ్లు తోడే చక్రం (ఇంపెల్లర్) పాడవుద్ది. వచ్చిన దారే మంచి దారి, కాబట్టి మనుషుల్ని వెనక్కి జరిపి, గెడతో వెనక్కే నెట్టుకోండి. మట్టం పెరుగుతున్న రోజు అయితే కూర్చుంటే నీళ్లే లేపుతాయి, తగ్గుతున్న రోజు అయితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యొద్దు. నీళ్లు దిగిన రిజర్వాయర్ అంచున పైన పెచ్చులాగా ఎండి కింద ఊబి ఉంటది, గెడ దిగబడే చోట కాలు పెట్టొద్దు, తొడల దాకా కూరుకుపోతే ఇద్దరు లాగినా రారు. సాగర్, శ్రీశైలం వైపు మొసళ్లు కూడా ఉన్నాయి, ఒడ్డున దిగే ముందు ఒకసారి బాగా చూడండి.

లైఫ్ జాకెట్ దగ్గర నేను ఎవరి మాటా వినను. 2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు, పరిమితికి మించి ఎక్కించారు, జాకెట్లు లేవు, ఒడ్డు కనపడతానే ఉంది. ఆ సాయంత్రం నేను గుంటుపల్లి కట్ట మీద ఉన్నా, అంబులెన్సులు వరసగా పోవడం చూశా, ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. జాకెట్ కొనేటప్పుడు లోపల అట్ట మీద 50 అని ఉందా 100 అని ఉందా చూడండి, 50 న్యూటన్లది ఈత వచ్చి స్పృహలో ఉన్నవాళ్లకి, 100 న్యూటన్లది ఈత రానివాళ్లకి కూడా, మొహాన్ని నీటి పైకి ఉంచేలా చేస్తారు. పిల్లలకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కొనండి, లేకపోతే నీళ్లల్లో పడగానే జాకెట్ పైకి, పిల్లాడు కిందకి. బోటు తిరగబడితే ఒడ్డు దగ్గరే కదా అని ఈదొద్దు, బోటునే పట్టుకుని ఉండండి, దూరం నుంచి వచ్చేవాళ్లకి మనిషి తల కనపడదు, బోటు కనపడుద్ది. ఎవరైనా ఒక పక్క ఏదో చూపిస్తే అందరూ ఆ పక్కకే లేవకూడదు, ఈ మాట ఎక్కేముందే చెప్పాలి.

కాగితాల సంగతి చిన్నదే గానీ వదలొద్దు, ఇంజన్ ఉన్న బోటు అయితే 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, రిజర్వాయర్ అయితే అక్కడి ప్రాజెక్టు అధికారుల్ని అడిగి వెళ్లాలి, వరదల్లో ఎవర్నీ దిగనివ్వరు.

బయల్దేరే పొద్దున నేను చేసేది ఇంతే. మట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో నోట్‌బుక్ పై పేజీలో రాస్తా, ఎర్ర ఇంకు నంబర్లలో ఏవేవి మూసుకుపోయాయో టిక్ పెడతా, ఆ పేజీ ఫొటో తీసి ఎన్నింటికి ఏ రేవుకి వస్తానో రాసి ఇంట్లో మా ఆవిడకి పంపిస్తా. చెప్పిన టైంకి గంట దాటినా నా ఫోన్ రాకపోతే ముందు రేవులో ఉండే బాబాయికి, తర్వాత 112కి ఫోన్ చెయ్యాలని తనకి చెప్పి ఉంచా. ఫోన్ జిప్ కవర్లో పెట్టి జాకెట్ లోపలి జేబులో, విజిల్ మెడలో. రేవులో నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వెళ్తా. సాయంత్రం వచ్చేసరికి పుల్ల నీళ్లల్లో ఉందో, పొడిగా ఉందో, ఎన్ని అంగుళాలో చూసి, అది కూడా అదే పేజీలో కింద రాసుకుని బోటు పైకి లాగుతా.